ప్రాసెసర్ ఒక వేగంలో, కెర్నల్ లెక్క మరో వేగంలో: సీపీయూఫ్రీక్ డ్రైవర్ లోపాన్ని పట్టుకుని సరిచేసే పద్ధతి

పర్లాకిమిడిలో మేము పిల్లలకు కంప్యూటర్ నేర్పే గదిలో ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఆరు చిన్న బోర్డులు (ఒకే పలక మీద ఇమిడిన కంప్యూటర్లు) ఉన్నాయి. అన్నీ లైనక్స్ మీద నడుస్తాయి. హార్డ్‌వేర్‌ను నడిపే లైనక్స్ లోపలి భాగాన్నే కెర్నల్ అంటారు. కిందటి ఎండాకాలంలో వాటికి ఒక జబ్బు పట్టుకుంది. ఆరు నిమిషాల్లో పూర్తయ్యే కంపైలింగ్ పని ఒక్కోసారి పదకొండు నిమిషాలు పట్టేది. ప్రాసెసర్ వేగం ఎంతుందని కెర్నల్‌ను అడిగితే 1200 మెగాహెర్ట్జ్ అని, అంటే పూర్తి వేగంలోనే ఉన్నానని చెప్పేది. కాశీనగరం నుంచి రోజూ బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు దాన్ని చూసి, "మాస్టారూ, ఇది పరుగెత్తుతున్నానని చెప్పి నడుస్తోందండీ" అన్నాడు. లోపం దొరికాక తెలిసింది, అతను అన్నది అక్షరాలా నిజమని.

ఆ లోపాన్ని ఎలా వెతికామో, ఎలా సరిచేశామో వరుసగా చెబుతాను. టెర్మినల్ వాడటం వచ్చి, సీ భాష కొంత చదవగలిగితే చాలు, మీరూ చేయగలరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. 1936లో ఒడిశాలో కలిసింది. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు. కెర్నల్ గురించి వాళ్లు ఇంట్లో మాట్లాడే భాషలో చదువుకోగలిగినది ఒక్కటైనా ఉండాలని నాకు గట్టి కోరిక. ఆదేశాలను, ఫైలు పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలోనే రాశాను. యంత్రంలో టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

ముందుగా ఎవరి పని ఏమిటో తెలుసుకోవాలి

లైనక్స్ కెర్నల్‌లో ప్రాసెసర్ వేగాన్ని నడిపే భాగం పేరు సీపీయూఫ్రీక్. అందులో మూడు అంతస్తులు ఉన్నాయి. పైన గవర్నర్ ఉంటుంది. పని ఎంతుందో చూసి ఎంత వేగం కావాలో నిర్ణయించేది అదే. పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్, ఆన్‌డిమాండ్, కన్జర్వేటివ్, యూజర్‌స్పేస్, షెడ్యుటిల్ అనేవి గవర్నర్ల పేర్లు. వీటిలో షెడ్యుటిల్ 2016లో 4.7 కెర్నల్‌తో వచ్చింది. కింద డ్రైవర్ ఉంటుంది. చిప్‌తో మాట్లాడి వేగాన్ని నిజంగా మార్చేది అది. మధ్యలో ఉన్నది కోర్. అది గవర్నర్ అడిగినదాన్ని డ్రైవర్‌కు అందించి, ఇప్పుడు ఏ వేగంలో ఉన్నామో తన పుస్తకంలో రాసుకుంటుంది. ఆ పుస్తకంలోని అంకెను కోడ్‌లో "పాలసీ" నిర్మాణంలోని "కర్" అనే గడిలో ఉంచుతారు.

ఆ గడి మా కథకు కీలకం. కోర్ ప్రతిసారీ చిప్‌ను అడిగి చూడదు. డ్రైవర్ "అయింది" అంటే కొత్త అంకె రాసుకుంటుంది, "కాలేదు" అంటే పాత అంకెనే ఉంచుతుంది. డ్రైవర్ మాట తప్పయితే పుస్తకం తప్పవుతుంది. ఆ తరువాత తీసుకునే ప్రతి నిర్ణయం ఆ తప్పు పుస్తకం చూసే జరుగుతుంది.

మీ యంత్రంలో ఏ డ్రైవర్ ఉందో చూడటం మొదటి పని. /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూఫ్రీక్/పాలసీ0 అనే ఫోల్డర్‌లోకి వెళ్లి స్కేలింగ్_డ్రైవర్ ఫైలును క్యాట్ ఆదేశంతో చదవండి. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే సాధారణంగా ఇంటెల్_పీస్టేట్ అని వస్తుంది. ఏఎండీ కొత్త చిప్‌లలో ఏఎండీ-పీస్టేట్ ఉండవచ్చు, అది 2022లో 5.17తో చేరింది. మా బోర్డుల్లో ఎస్‌సీపీఐ-సీపీయూఫ్రీక్ అని వచ్చింది. అది ఎస్‌సీపీఐ అనే పద్ధతి వాడుతుంది. ఈ పద్ధతిలో గడియారాలను, వోల్టేజీని ప్రాసెసర్ తానే ముట్టుకోదు. పక్కన ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది, దాని ఫర్మ్‌వేర్‌కు (దానిలోనే ఉండే ప్రోగ్రామ్‌కు) కెర్నల్ సందేశం పంపి పని చేయించుకుంటుంది.

యూనేమ్ -ఆర్ ఆదేశంతో కెర్నల్ వెర్షన్ కూడా రాసిపెట్టుకోండి. కాగితం మీదే రాయండి. మధ్యలో బోర్డు బూట్ కాకపోతే తెర మీది నోట్సు పనికిరాదు.

వేడినీ కరెంటునూ ముందే తప్పించండి

నెమ్మదించిన కంప్యూటర్‌ను చూడగానే అందరూ ఎండనే తప్పుపడతారు. మే నెలలో మా గదిలో కూర్చుంటే ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది. కానీ అనుమానంతో ఆగకూడదు, కొలవాలి. /సిస్/క్లాస్/థర్మల్/థర్మల్_జోన్0/టెంప్ ఫైలులో ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. 61000 అంటే 61 డిగ్రీలు. వేడి వల్ల కెర్నల్ తానే వేగానికి పగ్గం వేస్తే ఆ సంగతి దాచదు. పాలసీ ఫోల్డర్‌లోని స్కేలింగ్_మాక్స్_ఫ్రీక్ విలువ సీపీయూఇన్ఫో_మాక్స్_ఫ్రీక్ కంటే తగ్గి కనిపిస్తుంది. మా దగ్గర రెండూ 1200000 దగ్గరే ఉన్నాయి. సీపీయూఫ్రీక్ ఫైళ్లలో అంకెలన్నీ కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి. ఈ ఒక్క విషయాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి, దీనితో తరువాత చాలా పని ఉంది.

కరెంటు విషయంలో మేము చేసింది తేలికైన పరీక్ష. బాగా నడుస్తున్న బోర్డు అడాప్టర్‌ను నెమ్మదించిన బోర్డుకు, దీని అడాప్టర్‌ను దానికి మార్చి చూశాం. జబ్బు అడాప్టర్‌తో పాటు కదలలేదు.

నిజమైన వేగాన్ని కొలవడం

కెర్నల్ చెప్పే వేగం మీదే అనుమానం ఉన్నప్పుడు మళ్లీ కెర్నల్ ఫైలునే చదివి ప్రయోజనం లేదు. స్వతంత్రమైన కొలత కావాలి. ప్రాసెసర్‌లో గడియారపు చక్రాలను లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది. దాన్ని పెర్ఫ్ అనే పరికరంతో చదవవచ్చు. ఏ పనీ చేయకుండా తిరుగుతూ ఉండే చిన్న లూప్ ప్రోగ్రామ్ రాసి, టాస్క్‌సెట్‌తో దాన్ని ఒకే ప్రాసెసర్ కోర్‌కు కట్టేసి, పెర్ఫ్ స్టాట్ కింద నడపండి. సైకిల్స్, టాస్క్-క్లాక్ అనే రెండు ఈవెంట్లు అడగండి. మొత్తం చక్రాలను ప్రోగ్రామ్ నడిచిన సెకన్లతో భాగిస్తే వచ్చేదే నిజమైన వేగం.

బోర్డు చురుగ్గా ఉన్నప్పుడు మాకు సెకనుకు 120 కోట్ల చక్రాలు వచ్చాయి. నెమ్మదించినప్పుడు సుమారు 66.7 కోట్లు. అప్పుడు కూడా స్కేలింగ్_కర్_ఫ్రీక్ మాత్రం 1200000 అనే చెబుతోంది. 1200ను 667తో భాగిస్తే 1.8 వస్తుంది. ఆరు నిమిషాల పని పదకొండు నిమిషాలకు ఎందుకు పాకిందో ఆ భాగహారమే చెప్పేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, మాకు రెండు రోజులు తిన్నది ఇదే. పాలసీ ఫోల్డర్‌లో వేగం చెప్పే ఫైళ్లు రెండు. స్కేలింగ్_కర్_ఫ్రీక్ ఆర్మ్ యంత్రాల్లో కోర్ పుస్తకంలోని అంకెను చూపిస్తుంది. సీపీయూఇన్ఫో_కర్_ఫ్రీక్ డ్రైవర్‌ను అడిగి, హార్డ్‌వేర్ చెప్పిన అంకెను చూపిస్తుంది. రూట్ అధికారం ఉంటేనే అది చదవడానికి వస్తుంది. రెండింటికీ తేడా ఉంటే దొంగ దొరికినట్టే. కానీ రెండోదాన్ని చదివిన క్షణంలో కోర్ తన పుస్తకాన్ని హార్డ్‌వేర్‌తో సరిపోల్చుకుంటుంది, తేడా కనిపిస్తే దిద్దుకుంటుంది. అంటే చూడబోయినప్పుడల్లా జబ్బు నయమైపోతుంది. మేము "ఇప్పుడు బాగానే ఉందే" అనుకుని వెళ్లిపోయేవాళ్లం. అందుకే ఎప్పుడూ ముందు స్కేలింగ్_కర్_ఫ్రీక్ చదవండి, తరువాతే సీపీయూఇన్ఫో_కర్_ఫ్రీక్ చదవండి. ప్రతి ప్రయోగానికీ ఒక్కసారే చదవండి.

కావాలనుకున్నప్పుడు లోపాన్ని రప్పించడం

ఎప్పుడో వచ్చి ఎప్పుడో పోయే లోపాన్ని సరిచేశామని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. పిలిస్తే పలికే స్థితికి దాన్ని తెచ్చుకోవాలి. స్కేలింగ్_గవర్నర్ ఫైలులోకి యూజర్‌స్పేస్ అని ఎకో చేయండి. ఇక వేగాన్ని నిర్ణయించేది మీరే. స్కేలింగ్_అవైలబుల్_ఫ్రీక్వెన్సీస్‌లో ఉన్న ప్రతి అంకెనూ ఒక్కొక్కటిగా స్కేలింగ్_సెట్‌స్పీడ్‌లో రాసి, ప్రతిసారీ కెర్నల్ తన సందేశాలు రాసే లాగ్‌ను డీమెసేజ్ (డీ-ఎం-ఈ-ఎస్-జీ అని కొట్టాలి) ఆదేశంతో చూడండి. ఎకో మౌనంగా ముగిసింది కదా అని పని జరిగిందనుకోకండి. మా కెర్నల్‌లో డ్రైవర్ విఫలమైనా ఎకోకు ఆ సంగతి తెలియలేదు.

మా జాబితాలో 250000, 500000, 666666, 1000000, 1200000 ఉన్నాయి. నాలుగింటితో ఏ గొడవా లేదు. 666666 రాయగానే లాగ్‌లో ఈ వాక్యం పడింది:

సీపీయూఫ్రీక్: __టార్గెట్_ఇండెక్స్: ఫెయిల్డ్ టు చేంజ్ సీపీయూ ఫ్రీక్వెన్సీ: -5

కెర్నల్‌లో -5 అంటే ఈఐఓ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ దోషం. వెంటనే పెర్ఫ్‌తో కొలిస్తే వేగం నిజంగానే 66.7 కోట్లకు దిగిపోయి ఉంది. హార్డ్‌వేర్ చెప్పిన పని చేసింది, డ్రైవర్ చేయలేదని చెప్పింది.

ఇప్పుడు 1200000 రాశాం. లాగ్‌లో ఏమీ రాలేదు, వేగమూ పెరగలేదు. ఎందుకంటే కోర్ పుస్తకంలో ఇంకా 1200000 అనే ఉంది. అడిగిన వేగమూ ఉన్న వేగమూ ఒకటే అనుకుని కోర్ డ్రైవర్‌ను పిలవనే లేదు. చిప్ 666 దగ్గర కూర్చుంది, పుస్తకం 1200 అంటోంది, కదపమని అడిగేవారు లేరు. పని ఎంత ఎక్కువగా ఉంటే గవర్నర్ అంత గట్టిగా 1200నే అడుగుతూ ఉంటుంది కాబట్టి, బరువైన పనిలోనే ఇది ఎక్కువసేపు ఇరుక్కుపోతుంది. మధ్యలో పని తగ్గి 500000 అడిగితే ముడి విడిపోతుంది. జబ్బు ఎందుకు వచ్చి పోతూ ఉండేదో అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆ సాయంత్రం పిల్లలు పెట్టిన కేకలకు పక్కింటివాళ్లు వచ్చి చూశారు.

ఇదే విషయాన్ని కెర్నల్ లోపల జరిగేవాటిని వరుసగా నమోదు చేసే ట్రేస్‌లో కూడా చూడవచ్చు. /సిస్/కెర్నల్/ట్రేసింగ్/ఈవెంట్స్/పవర్/సీపీయూ_ఫ్రీక్వెన్సీ/ఎనేబుల్‌లో 1 రాసి, ట్రేస్ ఫైలు చదవండి. మార్పు విఫలమైందని డ్రైవర్ చెప్పినప్పుడు కోర్ ముందు కొత్త వేగాన్ని ప్రకటించి, వెంటనే పాత వేగానికి తిరిగి వచ్చామని మరో ప్రకటన చేస్తుంది. 666666 అనే వరుస, దాని కిందే 1200000 అనే వరుస జంటగా కనిపిస్తే ఇదే గుర్తు.

సోర్సు తెచ్చుకోవడం

కెర్నల్ సోర్సు మూట ఒక్కటే 130 మెగాబైట్లకు పైగా ఉంటుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే పరికరంతో చరిత్రంతా కలిపి క్లోన్ (నకలు) చేస్తే కొన్ని గిగాబైట్లు. మా దగ్గర వానాకాలంలో నెట్ మధ్యలో తెగిపోతుంది, సగంలో ఆగిన క్లోన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బరంపురం వెళ్లేవాళ్ల చేతికి డిస్కు ఇచ్చి ఒకసారి పూర్తి క్లోన్ తెప్పించుకున్నాం, ఆ తరువాత కొత్త మార్పులు మాత్రమే దించుకుంటున్నాం. లోతు తక్కువ క్లోన్‌తో కూడా కంపైల్ చేయవచ్చు, కానీ ఒక వరుస ఎప్పుడు ఎందుకు వచ్చిందో వెతకాలంటే చరిత్ర ఉండాల్సిందే.

డ్రైవర్లన్నీ డ్రైవర్స్/సీపీయూఫ్రీక్ ఫోల్డర్‌లో ఉంటాయి. మాది ఎస్‌సీపీఐ-సీపీయూఫ్రీక్.సి. మూడు వందల వరుసలు కూడా లేని చిన్న ఫైలు. భయపడకండి, కూర్చుంటే ఒక పూటలో మొత్తం చదవవచ్చు.

తునక ఎక్కడ పోయింది

సెట్_టార్గెట్ అనే ఫంక్షన్‌లో జరిగేది ఇది. పట్టికలోని కిలోహెర్ట్జ్ అంకెను 1000తో గుణించి హెర్ట్జ్ చేస్తుంది. ఆ రేటు పెట్టమని, గడియారాలను చూసుకునే కెర్నల్ భాగమైన క్లాక్ విభాగానికి చెబుతుంది. తరువాత క్లాక్‌ను "ఇప్పుడు నీ రేటు ఎంత" అని అడుగుతుంది. వచ్చిన జవాబు తాను అడిగినదానితో అంకెకు అంకె సరిపోకపోతే -ఈఐఓ తిప్పి పంపుతుంది. చదివితే బుద్ధిగానే ఉంది. అడిగి, జరిగిందో లేదో సరిచూసుకునే మంచి అలవాటు అది.

తప్పు ఆ పట్టిక తయారయ్యే చోట బయటపడుతుంది. ఫర్మ్‌వేర్ ఇచ్చే అంకె 666666666 హెర్ట్జ్. దాన్ని కిలోహెర్ట్జ్ పట్టికలో పెట్టడానికి కెర్నల్ 1000తో భాగిస్తుంది. పూర్ణాంకాల భాగహారం కాబట్టి 666666 మిగిలి, చివరి 666 హెర్ట్జ్ రాలిపోతుంది. తిరిగి 1000తో గుణిస్తే 666666000 వస్తుంది. పోయిన 666 తిరిగి రాదు.

మా అమ్మమ్మ ధాన్యం కొలిచే పద్ధతితో పిల్లలకు ఇది చెప్పాను. రాశిని కుంచంతో కొలిచి, నిండు కుంచాల లెక్క మాత్రమే గోడ మీద గీసి, చివర మిగిలిన సోలెడు రాయలేదనుకోండి. మరునాడు ఎవరో అదే రాశిని సోలలతో కొలిచి, గోడ మీది కుంచాలను సోలలుగా మార్చి పోల్చితే, ఒక సోల తేడా వస్తుంది. ధాన్యం ఎక్కడికీ పోలేదు. రెండు కొలమానాల మధ్య లెక్క పోయింది.

మా బోర్డులో క్లాక్ విభాగం 666666000 అన్న కోరికను తన దగ్గరున్న దగ్గరి పై అంకెకు, అంటే 666666666కు సర్దుకుని సరైన వేగమే పెట్టింది. తరువాత రేటు అడిగితే నిజం చెప్పింది. 666666666, 666666000 సమానం కావు. డ్రైవర్ విఫలమని ప్రకటించింది. 250000000 లాంటి అంకెలు 1000తో నిశ్శేషంగా భాగించబడతాయి కాబట్టి వాటికి ఈ చిక్కు రాదు.

తప్పు మందులు మూడు

పిల్లలు చెప్పిన మొదటి పరిష్కారం ఆ సరిచూసే వరుసను తీసేయడం. జబ్బు పోతుంది, కానీ కాపలా కూడా పోతుంది. రేపు ఫర్మ్‌వేర్ నిజంగా మాట వినకపోతే, 666 అడిగితే 500 పెడితే, కెర్నల్‌కు తెలిసే దారే ఉండదు. అబద్ధపు వైఫల్యం పోయి అబద్ధపు విజయం వస్తుంది, అది మరీ ప్రమాదం.

రెండోది ఒక శాతం తేడా ఉన్నా ఒప్పుకోవడం. ఈ ఒక శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆధారం లేని అంకెను కెర్నల్‌లో నాటకూడదు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు వేగాలు ఏదో ఒక చిప్‌లో ఆ సందులో పడిపోతాయి.

మూడోది ఫర్మ్‌వేర్‌లో అంకెను 666000000గా మార్చేయడం. అది మన చేతిలోని ఆరు బోర్డులకు సరిపోవచ్చు. ప్రపంచంలో మిగతా బోర్డుల మాటేమిటి? పైగా క్లాక్ విభజన వల్ల వచ్చే నిజమైన అంకె అదే అయినప్పుడు దాన్ని గుండ్రం చేస్తే అబద్ధం మరో అంతస్తుకు వెళుతుంది, అంతే.

సరైన మందు: పోలికను తక్కువ వివరం ఉన్న కొలమానంలో చేయడం. కుంచాలు కుంచాలతోనే పోల్చాలి. అడిగిన కిలోహెర్ట్జ్ అంకెను అలాగే ఉంచుకుని, క్లాక్‌కు చెప్పేటప్పుడు మాత్రమే 1000తో గుణించాలి. క్లాక్ చెప్పిన రేటును 1000తో భాగించి, ఆ కిలోహెర్ట్జ్‌ను అడిగిన కిలోహెర్ట్జ్‌తో పోల్చాలి. 666666666ను 1000తో భాగిస్తే 666666, అడిగింది 666666. సమానం. కాపలా అలాగే ఉంది, అబద్ధం పోయింది. మారేది నాలుగైదు వరుసలే.

అదే ఫంక్షన్‌లో మరో చిన్న గుంట ఉంది. పాత కోడ్ హెర్ట్జ్ విలువను 64 బిట్ల గడిలో ఉంచింది కానీ గుణకారం మాత్రం 32 బిట్లలో జరిగేది. 32 బిట్లలో పట్టే పెద్ద అంకె 4294967295. కాబట్టి 4294967 కిలోహెర్ట్జ్ దాటిన వేగాన్ని 1000తో గుణిస్తే పొంగి చిన్న అంకె అయిపోతుంది. గడి పెద్దదైతే చాలదు, గుణించే ముందే అంకెను పెద్ద రకంలోకి మార్చాలి. ఈ తప్పు కెర్నల్‌లో ఎన్నో చోట్ల దొరికింది, మీరు ఏ డ్రైవర్ చదివినా దీన్ని వెతకండి.

వేగం ఎంతుందో చదివి చెప్పే గెట్ ఫంక్షన్‌నూ చూడండి. అది తిప్పి పంపేది రుణాంకాలు పట్టని రకం. అందులో నుంచి -5 పంపితే అది 4294967291 కిలోహెర్ట్జ్ అవుతుంది. విఫలమైతే 0 పంపడమే పద్ధతి. ఇంకా, సీపీయూఫ్రీక్_సీపీయూ_గెట్_రా అనే ఫంక్షన్ ఒక్కోసారి నల్ ఇస్తుంది. ఆ ప్రాసెసర్ కోర్ పాలసీలో లేనప్పుడు అలా జరుగుతుంది. దాన్ని పరీక్షించకుండా వాడితే కెర్నల్ కుప్పకూలుతుంది. ఎస్‌సీపీఐ డ్రైవర్‌లో ఈ రెండో లోపాన్నీ 2025లో దిద్దారు.

అసలు కొలమానపు లోపం కూడా మెయిన్‌లైన్ కెర్నల్‌లో (అందరికీ ఉమ్మడిగా ఉండే అసలు లైనక్స్ కెర్నల్‌లో) 2025లోనే సరిచేసి ఉంది. అక్కడ ఉదాహరణగా తీసుకున్న అంకె 133333333. మా బోర్డుల తయారీదారు ఇచ్చిన కెర్నల్ అంతకంటే పాతది, అందుకే మాకు ఎదురైంది. కనుక కోడ్ ముట్టుకునే ముందు, మెయిన్‌లైన్‌లో ఆ ఫైలు మీద గిట్ లాగ్ నడిపి చూడండి. మందు అక్కడ ఉంటే ఆ ఒక్క మార్పునే గిట్ చెర్రీ-పిక్‌తో మీ కెర్నల్‌లోకి తెచ్చుకోవడమే సరైన దారి. మేము మాత్రం పిల్లలతో ముందు సొంతంగా రాయించి, తరువాత అసలు దిద్దుబాటుతో పోల్చాం. మావాళ్లు రాసినది దాదాపు అదే అయినప్పుడు ఆ గదిలో వెల్లివిరిసిన సంతోషాన్ని నేను మరిచిపోలేను.

మీ లోపం పాత కెర్నల్‌లో లేకుండా కొత్తదానిలో మొదలైతే దారి వేరు. గిట్ బైసెక్ట్ వాడండి. బాగున్న వెర్షన్, చెడిన వెర్షన్ చెబితే మధ్యదాన్ని తీసి ఇస్తుంది. వెయ్యి మార్పులున్నా పదిసార్లు కంపైల్ చేస్తే దోషి దొరుకుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఫరవాలేదు, ఎంతవరకు వచ్చారో డిస్కు మీదే రాసి ఉంటుంది.

కంపైల్ చేసి ఎక్కించడం

బోర్డు మీదే కంపైల్ చేయడం చాలా నెమ్మది, మామూలు ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైలర్‌తో (వేరే రకం ప్రాసెసర్ కోసం కంపైల్ చేసేదానితో) చేయండి. ఆర్క్‌కు ఆర్మ్64 అని, క్రాస్_కంపైల్‌కు మీ కంపైలర్ పేరు ముందరి భాగాన్ని ఇవ్వాలి. బోర్డులో ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగ్‌నే తీసుకుని మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడపండి. కొత్త కాన్ఫిగ్‌తో మొదలుపెడితే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. లోకల్‌వెర్షన్‌లో మీ గుర్తు ఒకటి చేర్చండి. బూట్ అయ్యాక యూనేమ్‌లో ఆ గుర్తు కనిపిస్తేనే మీ కెర్నల్ నడుస్తున్నట్టు.

పాత కెర్నల్‌ను చెరపకండి. బూట్ మెనూలో రెండూ ఉండాలి. సీరియల్ కేబుల్ ఒకటి కొనండి, చాలా బోర్డులకు 115200 వేగం సరిపోతుంది. కేబుల్ 3.3 వోల్టులదో 5 వోల్టులదో బోర్డు పత్రంలో చూసుకున్నాకే తగిలించండి, తప్పు కేబుల్ బోర్డును కాల్చేస్తుంది.

పరీక్షలు

ఎక్కించాక ముందు పాత ప్రయోగమే చేయండి: 1200000, 666666, మళ్లీ 1200000. ప్రతి మెట్టు దగ్గరా పెర్ఫ్ కొలత. లాగ్‌లో -5 రాకూడదు, మూడో మెట్టులో వేగం నిజంగా 120 కోట్లకు ఎక్కాలి. తరువాత ప్రతి వేగం నుంచి ప్రతి ఇతర వేగానికీ మార్చి చూడండి. అయిదు వేగాలుంటే ఇరవై మార్పులు. చేత్తో కాకుండా షెల్ స్క్రిప్టుతో, వరుస కలగలిపి వెయ్యిసార్లు నడపండి.

కాపలా బతికి ఉందో లేదో కూడా పరీక్షించాలి, చాలామంది ఇది మరిచిపోతారు. పోలిక వరుసకు ముందు, క్లాక్ చెప్పిన రేటును తాత్కాలికంగా తప్పు అంకెగా మార్చి కంపైల్ చేసి చూడండి. -5 రావాలి. వస్తే ఆ తాత్కాలిక మార్పు తీసేయండి.

ఆ తరువాత షెడ్యుటిల్‌కు మార్చి, స్ట్రెస్-ఎన్‌జీతో కాసేపు బరువు పెట్టి, కాసేపు ఆపి, ఇలా ఒక రాత్రంతా వదిలేయండి. ఉదయం స్టాట్స్ ఫోల్డర్‌లోని టైమ్_ఇన్_స్టేట్ చూస్తే ఏ వేగంలో ఎంతసేపు గడిపిందో ఉంటుంది. ప్రాసెసర్ కోర్‌లను ఆన్‌లైన్ ఫైలులో 0 రాసి ఆపి, 1 రాసి లేపండి. ఒకసారి నిద్రపుచ్చి లేపండి. గెట్ ఫంక్షన్‌లోని నల్ లాంటివి బయటపడేది ఇలాంటప్పుడే.

మార్పును పంపడం

మీరు పట్టుకున్న లోపం మెయిన్‌లైన్‌లో ఇంకా ఉంటే దాన్ని మీ దగ్గరే ఉంచుకోకండి. కమిట్ (గిట్‌లో నమోదు చేసే మార్పు) శీర్షికలో సీపీయూఫ్రీక్ అని, డ్రైవర్ పేరు, తరువాత ఏం చేశారో ఒక్క వాక్యం. కింద లక్షణం, కారణం, మందు ఈ వరుసలో రాయండి. లాగ్‌లో వచ్చిన దోష వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టండి, అదే జబ్బుతో ఉన్న మరొకరు వెతికితే దొరుకుతుంది. గిట్ బ్లేమ్‌తో లోపం ఏ కమిట్‌లో పుట్టిందో తెలుసుకుని, ఆ కమిట్ గుర్తింపు సంఖ్యలోని మొదటి పన్నెండు అక్షరాలను ఫిక్సెస్ వరుసలో చేర్చండి. సైన్డ్-ఆఫ్-బై వరుస మీ పేరుతో ఉండాలి. ఇది నా పనే, ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పే సంతకం అది.

స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో చెక్‌ప్యాచ్ ఉంది, ముందు దానితో శుభ్రం చేసుకోండి. గెట్_మెయింటైనర్ ఎవరికి పంపాలో చెబుతుంది. సీపీయూఫ్రీక్‌ను చూసుకునేది రఫాయెల్ వైసాకీ, విరేశ్ కుమార్. మెయిల్ సాదా అక్షరాల్లోనే ఉండాలి, గిట్ సెండ్-ఇమెయిల్ వాడితే వరుసలు చెదరవు. ముందు మీ చిరునామాకే పంపుకుని, వచ్చిన ప్యాచ్‌ను గిట్ ఏఎంతో ఎక్కించి చూడండి.

జవాబులో ప్రశ్నలు వస్తాయి. "ఈ పోలిక అసలు ఎందుకు" అని అడిగితే మీ కాపలా పరీక్ష ఫలితాన్ని పెట్టండి. మార్పు కోరితే చేసి, రెండో కూర్పు అని గుర్తు పెట్టి, ఏం మారిందో రాసి మళ్లీ పంపండి. ఆ ఎదురుచూసే వారాల్లో మీ బోర్డుల మీద మందు వేసిన కెర్నల్‌నే నడుపుతూ, రోజుకోసారి డీమెసేజ్‌లో -5 కోసం వెతకండి. మా ఆరింటిలోనూ అప్పటి నుంచి ఆ వాక్యం కనిపించలేదు, కంపైలింగ్ పని మళ్లీ ఆరు నిమిషాల్లో ముగుస్తోంది.